మగ్గుడు నీళ్లు పోసి చూసే మేస్త్రి

ఆ ఉదయం మా గేటు మెట్టు మీద సన్నటి ఇసుక చేరి ఉంది. రెండు రోజుల వాన తెచ్చి పెట్టిన ఇసుక. వెంగళరావు నగర్‌లో మా వీధి పల్లంలో ఉంటుంది. ఎగువన గుట్టల మీద పడ్డ నీళ్లలో కొన్ని మా గుమ్మం ముందు నుంచే పోతాయి. చిటికెడు తీసి అరచేతిలో పరిచి చూశాను. కొన్ని గింజలు గాజులా తెల్లగా ఉన్నాయి, కొన్ని లేత గులాబీ రంగులో ఉన్నాయి. వేలితో రుద్దితే గుచ్చుకున్నాయి. అంటే ఎక్కువ దూరం దొర్లలేదు. దగ్గరి రాయే.

ఇసుకను అలా చూడటం నాకు నేర్పింది మా స్టూడియోలో సినిమా సెట్లు వేసే మేస్త్రి గారు. అది చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. ఆయన కూతురు.

"మేడం, నాయన పోయిండు" అంది. "నిన్న మాపటికి గోడ మీద పడ్డది. ఇయ్యాల పొద్దుగాల దవాఖానల పోయిండు."

నేను ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఆమె ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా పిడికిలి మూసే ఉంది. తెరిస్తే అరచేతి నిండా ఇసుక గుచ్చిన గుంటలు.

మీలో చాలామంది ఆయన చేసిన రాళ్లు చూసే ఉంటారు. హీరో కాలు మోపి నిలబడిన శిఖరం, హీరోయిన్ వెనక దూకే జలపాతం, విలన్ దాక్కునే గుహ. అవి ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో వెనక రేకుల షెడ్డులో పుట్టినవి. గోనెపట్టా, ప్లాస్టర్, ఫైబర్, థర్మాకోల్. సినిమా చివర పేర్లు పడేటప్పుడు ఒక్కోసారి ఆయన పేరు కూడా వచ్చేది. అప్పటికి మనం సీటు కింద చెప్పులు వెతుక్కుంటూ ఉంటాం.

ఆయన పాలమూరు వైపు మనిషి. రాళ్లు కొట్టే పనికి తల్లిదండ్రులతో పాటు ఈ గుట్టల మీదికి వచ్చారు. జూబ్లీ హిల్స్‌లో ఇప్పుడున్న పెద్ద ఇళ్లలో కొన్నిటికి పునాది తవ్వినప్పుడు అక్కడి బండలు పగలగొట్టింది ఆయన చేతులే. స్టూడియోలు వచ్చాక ఎవరో పిలిచి, రాళ్లు పగలగొట్టేవాడికి రాయి ఎట్లా ఉంటుందో తెలియకుండా ఉంటుందా అని సెట్ల పనిలో పెట్టారు. "సగం ఉమ్మర్ రాళ్లు పలగొట్టిన బిడ్డ, సగం ఉమ్మర్ రాళ్లు చేసిన. దేవుడు అడిగితె ఏదో ఒకటి చెప్పుకుంట" అనేవారు.

నేను అదే స్టూడియోలో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తాను. సెట్ వేయడానికి ముందు పుస్తకాలు, ఫొటోలు వెతికి, ఏ కాలంలో ఏ తలుపు, ఏ ఊళ్లో ఏ కప్పు అని కాగితం మీద పెట్టి ఇవ్వడం నా పని. మాట్లాడాల్సిన అవసరం తక్కువ. అందుకే ఆ పని ఇష్టపడ్డాను. కాన్వెంట్‌లో చదివాను. జాగ్రఫీలో మంచి మార్కులు వచ్చేవి. ఈ రెండు విషయాలూ నేను చేరిన కొత్తలో ఆయనకు ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి ఆయన నన్ను "బుక్కుల బిడ్డ" అనడం మొదలుపెట్టారు.

చేరిన మొదటి నెలలోనే నేను ఒక తప్పు చేశాను. పాట కోసం కొండవాగు సెట్. వాగు కొండ పైనుంచి దిగి, రెండు మలుపులు తిరిగి, ముందుకు వస్తుంది. నేను మంచి ఫొటోలు వెతికాను. నీళ్లలో మెరిసే నున్నటి గుండ్రాళ్లు. ఆర్ట్ డైరెక్టర్ గారికి నచ్చాయి. థర్మాకోల్ రాళ్లు చెక్కేశారు, రంగు ఒక్కటే మిగిలింది. అప్పుడు మేస్త్రి గారు వచ్చి ఒక రాయి చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు అటూ ఇటూ తిప్పారు.

"గీ వాగు యాడికెళ్లి వస్తుంది బిడ్డ?" అని నన్ను అడిగారు.

"కొండ మీద నుంచండీ."

"గా కొండ ఎంత దూరం?"

"అదేనండీ, వెనక కనిపించేదే."

"మరి గీ రాయి గింత నున్నగ ఎట్లయింది? గంత దూరం యాడ దొర్లింది పాపం?"

నాకు ముఖం వేడెక్కింది. కొండ మొదట్లో రాయి కోసుగా, విరిగినట్టుగా ఉంటుంది. నీళ్లు దాన్ని దొర్లించుకుంటూ పోతే మూలలు అరిగి, మైళ్ల తర్వాత గుండ్రంగా అవుతుంది. ఇది నేను పరీక్షలో రాసిన జవాబే. బొమ్మ కూడా వేశాను. అయినా నున్నటి రాళ్లను తెచ్చి కొండ నెత్తిన పెట్టాను.

ఆర్ట్ డైరెక్టర్ గారు నవ్వి, "మేస్త్రీ, వచ్చేది హీరో. ఆయన డాన్స్ చేస్తాడు గానీ రాళ్ల మూలలు చూడడయ్యా" అన్నారు.

"ఆయన చూడడు సార్. నీళ్లు చూస్తయి కద" అన్నారు మేస్త్రి గారు.

భోజనం మానేసి కత్తి పట్టుకుని కూర్చున్నారు. పై వరసలో రాళ్లకు మూలలు తెచ్చారు, మధ్య వరసలో కొంచెం తగ్గించారు, కింది వరసను అలాగే వదిలేశారు. నేను పక్కన కూర్చుని తుంపులు ఏరాను. నా తప్పు అని ఆయన ఎవరితోనూ అనలేదు. నాతో కూడా అనలేదు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏ కొండ చేసినా, రంగు వేయబోయే ముందు దాని నెత్తి మీద మగ్గుడు నీళ్లు పోసేవారు. పోసి, చేతులు కట్టుకుని నిలబడేవారు. నీళ్లు ఏ గాడిలో దిగుతాయో, ఎక్కడ చీలతాయో, ఎక్కడ ఆగి మడుగు కడతాయో చూసి, ఆ దారుల్లోనే నల్లటి చారలు, నాచు పచ్చదనం వేయించేవారు. మిగతా చోట్ల వేయనిచ్చేవారు కాదు. షూటింగ్ ముందు రోజు ఇదంతా చూస్తుంటే ప్రొడక్షన్ వాళ్లకు ప్రాణం మీదికి వచ్చేది.

"మేస్త్రీ, టైం లేదు, ఆ స్నానాలు ఆపు" అని అరిచేవారు.

"నీళ్లు ఎటు పోతయో చూడకుంట రంగెట్ల ఏస్తం సార్? పెండ్లిపిల్ల మొకం చూడకుంట బొట్టు పెట్టినట్టుంటది" అనేవారు ఆయన, కదలకుండా.

ఒకసారి నన్ను స్టూల్ ఎక్కించి మగ్గు నా చేతికిచ్చారు. నేను పోశాను. ప్లాస్టర్ కొండ నెత్తిన నీళ్లు ఒక్క క్షణం ఆగి, రెండు పాయలయ్యాయి. "చూసినవా, వేలెడు ఎడం. గింత ఇటు పడితె ఇటు పోయింది, గింత అటు పడితె అటు పోయింది. మన జూబ్లీ హిల్స్ గూడ గంతే. చెక్‌పోస్ట్ దగ్గర నిలబడి చూడు, ఇటు పడ్డ సినుకు దుర్గం చెరువుకు పోయేది, అటు పడ్డది హుస్సేన్ సాగర్ దిక్కు పోయేది. ఆఖరికి అందరు మూసీలనే కలుస్తరు. ఇప్పుడైతె యాడికి పోతయో నీళ్లకే తెల్వది."

కొండ మీద నీళ్లు ఇలా చీలే గట్టుకు ఇవతల, నీళ్లన్నీ ఒకే దారికి చేరే నేలను పరీవాహక ప్రాంతం అంటారని చెప్పాను. ఆయన ఆ మాటను రెండుసార్లు నోట్లో తిప్పి, "మంచిగనే ఉంది గాని, మగ్గుల పట్టది" అన్నారు.

అచ్చులు తీయడంలో ఆయన్ని మించినవాళ్లు లేరని షెడ్డులో అందరూ అంటారు. నిజమైన రాయికి సబ్బు నీళ్లు పూసి, ప్లాస్టర్‌లో ముంచిన గోనెపట్టాలు పొరలు పొరలుగా పరిచి, ఆరాక ఊడదీస్తే ఆ రాయి ముఖం అందులో దిగిపోతుంది. తర్వాత అందులో ఫైబర్ పోసుకుంటే ఎన్ని రాళ్లయినా వస్తాయి. ప్రతి అచ్చు వెనకా బొగ్గుతో అది ఏ రాయిదో రాసేవారు. 'చెక్‌పోస్ట్ కాడి మూపు రాయి', 'గుడెన్క సప్పిడి బండ'. ఆ రాళ్లలో చాలావాటిని తర్వాత పగలగొట్టేశారు. ఇప్పుడు అక్కడ హోటళ్లు ఉన్నాయి. "కన్ను మర్చిపోతది బిడ్డ. అచ్చుకు గా సౌలత్ లేదు" అనేవారు.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పి తినేటప్పుడు ఆయన ఎప్పుడూ షెడ్డు బయట ఉన్న అసలు బండ మీదే కూర్చునేవారు. లోపల తాను చేసిన రాళ్ల మీద కూర్చునేవారు కాదు. కూర్చుంటే కుంగుతాయని అందరికంటే ఆయనకే బాగా తెలుసు. ఆ బండ మీదే ఒక రోజు నా పాఠం ఆయనకు చెప్పాను. రాయి ఉన్నచోటనే ఎండకూ వానకూ చెట్ల వేళ్లకూ వదులైపోవడం శిలాశైథిల్యం. వదులైనదాన్ని నీళ్లు మోసుకుపోవడం క్రమక్షయం. సిస్టర్ మాతో వల్లె వేయించిన వరసలోనే చెప్పాను.

ఆయన శ్రద్ధగా విని, "ఒకటి మెత్తబెడ్తది, ఒకటి ఎత్తుకపోతది" అన్నారు. "గంతే కద?"

అంతే.

ఈ గుట్టల మీద గుండ్లు అంత గుండ్రంగా ఉన్నాయి కాబట్టి ఎప్పుడో నది వాటిని దొర్లించి ఉంటుందని నేను అనుకునేదాన్ని. ఆయన నవ్వారు. ఆ గుండ్లు నేలలోపలే గుండ్రమయ్యాయట. పెద్ద బండకు నిలువూ అడ్డమూ సన్నటి చీలికలుంటాయి. వాటిలోంచి నీళ్లు లోపలికి దిగి, చుట్టూ ఉన్న రాయిని కొంచెం కొంచెంగా పొడిపొడి ఎర్రమట్టిగా, మొరంగా చేస్తాయి. మూలలు రెండు వైపుల నుంచీ తడుస్తాయి కాబట్టి ముందు మూలలే పోతాయి. నడుమ గట్టి ముద్ద మిగులుతుంది. తర్వాత ఎన్నో కాలాలు వానలు ఆ మొరాన్ని కడిగి వాగుల్లోకి, చెరువుల్లోకి తోసేస్తే, లోపలి ముద్ద బయటపడి ఒకదాని మీద ఒకటి నిలబడుతుంది.

"మనం గుట్ట అంటున్నది, పోంగ మిగిలింది బిడ్డ" అన్నారు. "గుండు దేని మీద కూసుంది? మొరం మీద. మొరం ఉన్నన్నాళ్లు అది రాజు. మొరం తీస్తె ఎవ్వరిది వినది."

ఇంటికి వెళ్లి నా పాత పుస్తకం తీసి చూశాను. ఆయన చెప్పినదే ఉంది, అరపేజీలో. నేను చదివినప్పుడు దాని కింద గీత కూడా గీసుకున్నాను.

మొన్న ఎండాకాలం చివర్లో, ఒక ఆదివారం, ఆయన నన్ను తన ఇంటికి రమ్మన్నారు. ఫిల్మ్ నగర్ వెనక గుట్ట వాలులో ఒక బస్తీ. ముప్పై దాకా ఇళ్లు ఉంటాయి. లైట్‌మెన్లు, వంటవాళ్లు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు. ఇళ్ల వెనక మనిషికి రెండింతల ఎత్తు రాతి గోడ, గోడకు పైన వాలు, వాలు మీద ఒక గుండు. చిన్న ఇల్లంత గుండు. పక్కనుంచి పైనీళ్లు దిగిపోయే దారి ఉండేది. దాన్ని ఆయన ఒర్రె అనేవారు.

ఆయన కూతురు టీ ఇచ్చి, "నాయనకు మా అందరి కన్న గా గుండు మీదనే పావురం ఎక్కువ మేడం. లేవంగనే దాని మొకమే చూస్తడు" అంది.

"అది నీ మొకమోలె అలుగది కద" అన్నారు ఆయన. ఆమె ఆయన గ్లాసు కొంచెం గట్టిగా కింద పెట్టింది.

తర్వాత నన్ను పైకి తీసుకెళ్లారు. గుండు పాదం దగ్గర యంత్రంతో తవ్విన కోత ఉంది. ఎవరో ఇల్లు కట్టడానికి స్థలం చదును చేస్తున్నారు. ఎర్రటి మొరం గోడలా నిలువుగా తెగి ఉంది, గుండు అంచు దాని మీద నుంచి బయటికి చూస్తోంది. తవ్విన మట్టంతా తీసుకెళ్లి ఒర్రెలో పోశారు. నీళ్లు పోవలసిన చోట గుట్టగా మట్టి ఉంది, దాని మీద అప్పుడే గడ్డి కూడా మొలుస్తోంది.

గుండుకు ఒక వైపున, ఉల్లిపాయలా మూడు పొరలు రేగిన చోటు ఉంది. దాని కిందనుంచి ఏటవాలుగా, నా భుజం ఎత్తున, ఒక పగులు. ఆయన నా వేలు పట్టుకుని పగులు లోపలికి పెట్టించారు. లోపల రాయి తేటగా, కొత్తగా ఉంది. పైన రాయంతా నల్లబడి, మచ్చలు కట్టి ఉంది.

"ఎండ చూడని రంగు. ఇది పాత పగులు కాదు" అన్నారు. జేబులోంచి నీళ్ల సీసా తీశారు. ఒర్రె మొదట్లో పోశారు. నీళ్లు మట్టి కుప్పదాకా వెళ్లి, ఆగి, పక్కకు తిరిగి, గోడ వెనక్కి ఇంకిపోయాయి. ఆయన చేతులు కట్టుకుని చూశారు. సెట్లో చూసినట్టే.

కిందికి దిగాక, "ఒక అప్లికేషన్ రాసియ్యి బిడ్డ. ఇంగ్లీషుల. మేము రాస్తె పక్కన పెడ్తరు" అన్నారు. తాను చెప్పదలచుకున్నది మూడు వాక్యాల్లో చెప్పారు. "గుండు కింద మొరం తీసిన్రు. ఒర్రెల మట్టి పోసిన్రు. ఈ వానకు గోడ నిలవది."

నేను ఇంటికి వచ్చి రాయడానికి కూర్చున్నాను. ఆ మూడు వాక్యాలు నాకు మరీ చిన్నగా, బీదగా అనిపించాయి. మున్సిపల్ ఆఫీసులో గౌరవం దక్కాలంటే విషయం తెలిసినట్టు రాయాలనుకున్నాను. "శిలాశైథిల్యం, క్రమక్షయం వేల సంవత్సరాలుగా నిదానంగా సాగుతూ కొండ ప్రాంతపు పరీవాహకాలను తీర్చిదిద్దుతాయి" అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. మొరం ఎలా పుడుతుందో రాశాను. నీళ్లు ఎలా చీలతాయో రాశాను. పేజీన్నర వచ్చింది. 'ఈ వానకు' అన్నచోట 'కాలక్రమంలో' అనే అర్థం వచ్చే మాట పెట్టాను. ఆ మాట వాక్యంలో బాగా కుదిరింది.

ఆయనకు చదివి వినిపించాను, ఇంగ్లీషులోనే. ఆయనకు అర్థం కాలేదు. ముఖం వెలిగిపోయింది. "మస్తు రాసినవ్" అన్నారు. బస్తీ వాళ్లందరి చేతా సంతకాలు, వేలిముద్రలు పెట్టించారు. షూటింగ్ పని ఉండి ఆయన రాలేకపోయారు. ఆఫీసుకు నేనొక్కదాన్నే వెళ్లాను.

అధికారి చెడ్డ మనిషి కాదు. కూర్చోమన్నాడు. మొదటి పేరా చదివి ఆగాడు.

"అమ్మా, వేల సంవత్సరాలు అని మీరే రాసిన్రు కద. గన్ని సంవత్సరాలు ఆగిన గుండు ఇప్పుడు మనకోసం తొందరపడ్తదా?"

"అది కాదండీ. పగులు కొత్తది. మేస్త్రి గారు చూశారు."

"కొత్తదని ఎట్ల తెలుస్తది? ఈ ఊర్ల పగుల్లేని బండ యాడుంది చెప్పుండ్రి. పాత ఫొటో ఏమన్న ఉందా? మునుపు లేదు, ఇప్పుడు వచ్చింది అనేటందుకు ఏదన్న సబూతు? ఉంటె చెప్పుండ్రి, రేపే ఇంజనీర్ని పంపిస్త. లేకుంటె లైన్ల ఉంటది."

నా దగ్గర ఏమీ లేదు. ఎండ చూడని రంగు గురించి చెప్పవలసింది. మొరం గురించి చెప్పవలసింది. ముప్పై ఇళ్లు అనైనా చెప్పవలసింది. నా వెనక వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. నేను లేచి, థాంక్యూ సర్ అని, వచ్చేశాను. కాగితం మీద ముద్ర మాత్రం వేశారు.

మర్నాడు షెడ్డులో ఆయన గోనెపట్టా తడుపుతూ అడిగారు. "ఏమన్నరు బిడ్డ?"

"చూస్తామన్నారండీ."

"ఇంకేమన్న అడిగిన్రా?"

"ఏమీ అడగలేదండీ."

ఎందుకు అలా అన్నానో ఎన్నిసార్లు ఆలోచించినా ఒకటే జవాబు. నోరు తెరవలేకపోయానని ఆయనకు తెలియడం నాకు ఇష్టం లేదు. ఆయన తల ఊపారు. "చూస్తమన్నరంటె చూస్తరు. ఇంగ్లీషుల ఉంది కద" అని పనిలో పడ్డారు.

తర్వాత రెండు నెలల్లో నాతో ఆ మాట ఆయన ఎత్తింది ఒక్కసారే. మొదటి వాన పడ్డ రోజు. షెడ్డు ముందు పారుతున్న నీళ్లలో చెయ్యి పెట్టి, పైకి తీసి, అరచేతిలో మిగిలింది నాకు చూపించారు. ఎర్రటి మట్టి, కోసు ఇసుక. "కొత్త మొరం బిడ్డ. మనదే" అన్నారు.

ఇంజనీర్ రాలేదు. వాన వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నానికి గోడ రాళ్ల సందుల్లోంచి బురదనీళ్లు కారడం ఆయన చూశారట. ఇల్లిల్లూ తిరిగి అందరినీ బయటికి పంపారు. రామని మొండికేసినవాళ్లను తిట్టారు. ఒకావిడ గ్యాస్ సిలిండర్ లేకుండా రానంటే దాన్ని తానే మోసుకొచ్చి రోడ్డు మీద పెట్టారు. అందరూ వచ్చారని చూసుకున్నాక గడ్డపార తీసుకుని వెనక్కి వెళ్లారు, ఒర్రె నోరు తెరుస్తానని. కూతురు చెయ్యి పట్టుకుంటే, "జర నీళ్లకు తొవ్వ ఇస్తె గోడ ఆగుతది. ఊకె ఒర్లకు" అన్నారట. కొంత తెరిచారు కూడా. నీళ్లు అటు తిరగడం రోడ్డు మీద నుంచి వాళ్లు చూశారు. అప్పుడు గోడ పడింది.

గుండు దొర్లలేదు. ఉన్నచోటనే ఒక గజం కిందికి కూర్చుంది. అది ఇళ్ల మీదికి రాలేదు. ఆ గజానికి కదిలిన మట్టి చాలు, గోడకు, ఆయనకు. ఆయన పోయిన మర్నాడు పేపర్లో మూడు లైన్లు వచ్చాయి. గోడ కూలి వృద్ధుడి మృతి.

నేను వెళ్లేసరికి ఆయన్ని దవాఖాన నుంచి తెచ్చి రోడ్డు పక్కన టెంటు కింద పడుకోబెట్టారు. ఇంటికి తీసుకెళ్లడానికి వీల్లేదు, పోలీసులు తాడు కట్టారు. ఆర్ట్ డైరెక్టర్ గారు ఒక పక్కన నిలబడి మాటిమాటికీ కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. మేస్త్రి గారి గోళ్ల సందుల్లో ప్లాస్టర్ ఉంది. ఎంత కడిగినా పోయేది కాదు. చనిపోయాక కూడా పోలేదు.

ఆయన కూతురు నా చెయ్యి పట్టుకుని, "నాయన మీ మీద మస్తు భరోసా పెట్టుకున్నడు మేడం" అంది. "మా బుక్కుల బిడ్డ ఇంగ్లీషుల రాసింది, ఫికర్ లేదు అని గల్లీల అందరికి చెప్పిండు."

ఆమె నన్ను ఏమీ అనడం లేదు. ఓదారుస్తోంది. నేను తల ఊపాను.

పదకొండో రోజు దాటింది. ఇది రాస్తున్నప్పుడు బయట మళ్లీ మబ్బు పట్టింది. గుండు ఆ వాలు మీదే ఉంది. ఒర్రెలో ఆయన తీసిన సందు మళ్లీ పూడుతోంది. వేరే చోటు లేక బస్తీ వాళ్లు సగం మంది తాడు దాటి ఇళ్లలోకి వెళ్లిపోయారు. ఆయన కూతురు కూడా వెళ్లింది. ఆయన మూడు వాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగా, తెలుగులో రాసి, నేను మళ్లీ ఆఫీసుకు వెళ్లాను. ఆ అధికారి సెలవులో ఉన్నాడు. ఇంకొకాయన తీసుకుని, చూస్తామన్నాడు. ఈసారి కుర్చీ ఇవ్వలేదు, అయినా గంటన్నర నిలబడి అన్నీ చెప్పాను. ఎండ చూడని రంగు, మొరం, ముప్పై ఇళ్లు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. రెండు నెలలు ఆలస్యంగా.

రాళ్లకు కాలం ఎక్కువని నేను చదువుకున్నాను. అది అబద్ధం కాదు. ఒక గింజ ఇసుక కొండ నుంచి చెరువుకు చేరడానికి ఎన్ని వానలు పడతాయో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ కాలమంతా నడిచి నడిచి చివరికి ఒక సాయంత్రం దగ్గరికి వస్తుంది. ఆయన ఆ సాయంత్రం గురించి చెప్పారు. నేను ఆ కాలం గురించి రాశాను.

మొన్న కొత్త సినిమాకు రాళ్లు కావాలంటే గోడౌన్‌లోకి వెళ్లాను. లోపల వెనక వరసలో, గోడకు ఆనించి, నా కంటే ఎత్తున్న అచ్చు ఒకటి ఉంది. నేను ఉద్యోగంలో చేరడానికి ముందు సంవత్సరం తీసింది. వెనక బొగ్గుతో ఆయన చేతిరాత: 'మా ఇంటెన్క గుండు'. ముందుకు తిప్పి దుమ్ము తుడిచాను. ఉల్లిపాయలా రేగిన మూడు పొరలు అలాగే ఉన్నాయి. వాటి కింద, నా భుజం ఎత్తున, చేత్తో రెండుసార్లు తడిమి చూశాను.

అక్కడ పగులు లేదు.